ఎవరూ లేని రాయి దగ్గర సమాధుల పండుగ

నవంబరు దగ్గర పడేసరికి మా అత్తయ్యకు లండన్ ఈస్ట్ హామ్‌లోని మా ఫ్లాట్‌లో కాలు నిలవలేదు. తెనాలిలో ఉంటే ఈపాటికి మామయ్య సమాధికి సున్నం కొట్టించి, బంతిపూలకు చెప్పి ఉండేవారు. మా వైపు క్రైస్తవులకు నవంబరు రెండున వచ్చే సమాధుల పండుగంటే ఏడుపుల రోజు కాదు. సమాధులు కడిగి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, చుట్టాలంతా అక్కడే కూర్చుని కబుర్లాడుకుంటాం. మామయ్య పోయాక ఆవిడ ఒక్క ఏడూ తప్పలేదు. ఈసారి మా దగ్గర చిక్కుకుపోయారు.

"ఊళ్లో మీ మరిదిగారబ్బాయి వెలిగిస్తాడులే అత్తయ్యా" అన్నాను.

"వాడు వెలిగిస్తే వాడు వెలిగించినట్టు. నేను వెలిగించినట్టు అవుద్దా?" అన్నారు.

నేను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో తోటి ఉద్యోగిని హెలెన్‌కి ఈ సంగతి చెప్పాను. ఇంగ్లండ్ తూర్పున నార్ఫోక్‌లో వాళ్ల ఊరి పక్కన రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల మైదానం ఉందట. అక్కణ్ణుంచి ఎగిరి ప్రాణాలు పోగొట్టుకున్న అమెరికన్ కుర్రాళ్ల పేర్లతో ఒక రాయి ఉందట. రాయి, పేర్లు అనగానే నేను సమాధులే అనుకున్నాను. అత్తయ్యా అలాగే అనుకున్నారు. "అయినవాళ్లు ఎక్కడో ఉంటిరి, పాపం! మీ మామయ్యకు ఎటూ కుదరదు, ఆ పిల్లలకైనా చేసొద్దాం పద" అన్నారు.

డ్యూటీల రోటా మార్పించుకుని పండుగ రోజుకే సెలవు తీసుకున్నాను. స్ట్రాట్‌ఫర్డ్‌లో నార్విచ్ రైలెక్కితే గంటన్నరలోపు డిస్ స్టేషన్లో దిగుతాం. వారం ముందు కొనడంతో టికెట్లు ఇద్దరికీ కలిపి నలభై పౌండ్లలోపే వచ్చాయి. అక్కణ్ణుంచి ఊరికి బస్సులు బాగా తక్కువ కాబట్టి టాక్సీ మాట్లాడుకున్నాం. మా సంచిలో దీపావళికి దుకాణాల్లో మిగిలిన బంతిపూల దండలున్నాయి. ఆ వాసనకు డ్రైవర్ "పెళ్లికా?" అని హుషారుగా అడిగాడు. "కాదు, సమాధులకు" అన్నాను. అద్దంలో మమ్మల్ని ఒకసారి చూసి, రేడియో పెట్టేశాడు.

దున్నిన చేల మధ్య, రోడ్డు పక్క గడ్డిలో ఉంది ఆ నల్లరాయి. పైన విమానం బొమ్మ, కింద పేర్లు. అత్తయ్య కోటు మీదే కొంగు బిగించి, సంచిలోంచి నీళ్ల సీసా, కొబ్బరిపీచు తీశారు. "కాస్త సున్నం ఉంటే ఎంత బావుండేది అమ్మాయ్" అన్నారు. నల్లరాయికి సున్నం! లండన్‌లో సున్నం దొరక్కపోవడం ఆ రోజు మా అదృష్టం. రాయి తళతళలాడేలా తోమి దండలు వేశాం. కొవ్వొత్తులు మాత్రం నిలవలేదు. అగ్గిపెట్టె సగం ఖాళీ అయింది గానీ గాలి ఒక్కదాన్నీ వెలగనివ్వలేదు.

అంతలో బకెట్టూ బ్రష్షూ పట్టుకుని ఒక పెద్దాయన వచ్చారు. అత్తయ్య చటుక్కున కొబ్బరిపీచు వెనక దాచేశారు. ఆయన పేరు రోజర్, రాయి బాగోగులు చూసేది ఆయనే. యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే రిమెంబరెన్స్ ఆదివారం దగ్గర పడుతోందని కడగడానికి వచ్చారట. బంతిపూలు చూసి గట్టిగా నవ్వి, "నా పని మీరే చేసేశారే!" అన్నారు. మా పండుగ గురించి చెప్పాను. ఆయన బకెట్టు కింద పెట్టారు.

"కానీ ఇక్కడ ఎవరూ లేరండీ. కొందరి సమాధులు కేంబ్రిడ్జ్ దగ్గర ఉన్నాయి, కొందరిని అమెరికా తీసుకెళ్లారు, కొందరు సముద్రంలోనే ఉండిపోయారు. ఇది గుర్తుగా పెట్టుకున్న రాయి, అంతే."

నా ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం తీసుకొచ్చి ఆవిడను చిన్నబుచ్చానే అనుకుంటూ తెలుగులో చెప్పాను. అత్తయ్య రాయి మీది దండ సరిచేశారు.

"ఇక్కడ తలుచుకుంటే, ఎక్కడో ఉన్నోళ్లకు అందుద్దంటా? అడుగు."

అడిగాను. "అందుతుందనేగా పెట్టుకున్నాం" అన్నారు రోజర్.

"అయితే మీ మామయ్య కూడా ఇక్కడ లేరు గదే!" అత్తయ్య ముఖమంతా నవ్వు. "ఇంకో కొవ్వొత్తి తియ్యి!"

రోజర్ ఇంటికెళ్లి ఖాళీ జామ్ సీసాలు, ఫ్లాస్కులో టీ తెచ్చారు. సీసాల్లో కొవ్వొత్తులు నిటారుగా వెలిగాయి. చివరి సీసా అత్తయ్య తన చేత్తో వెలిగించి, రాయి మీది పేర్ల వైపు చూస్తూ, "మా ఆయన. కాస్త కోపిష్టి. మీరే సర్దుకోండి బాబూ" అన్నారు. ఆ మాట రోజర్‌కి ఇంగ్లీషులో చెబుతుంటే నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి నాకు. తర్వాత ముగ్గురం గడ్డిలో నిలబడి టీ తాగుతూ అత్తయ్య చేసిన జంతికలు తిన్నాం. అచ్చం మా ఊరి పండుగే.

ఇన్నాళ్లూ ఇలాంటి రాళ్ల పక్కనుంచి వెళ్తూ వాటికీ నాకూ ఏం సంబంధంలే అనుకునేదాన్ని. దూరంగా ఉండిపోయిన మనవాళ్లను తలుచుకోవడానికి ఎవరో పరాయి ఊరివాళ్లు చోటిస్తారని ఆ రోజే తెలిసింది. మీరూ వెళ్లేట్టయితే ఒక్క సలహా. అక్కడ గాలి ఎక్కువ, కొవ్వొత్తులతోపాటు జామ్ సీసాలు తీసుకెళ్లండి. మీరు అనుకున్నదానికంటే ఒకటి ఎక్కువే పెట్టుకోండి.