సప్తర్షుల తోక పక్కన

మొన్న మా అమ్మాయి ఫోనులో ఒక గెలాక్సీ ఫొటో చూపించింది. సుడి తిరిగిన నీలి వెలుగు. ఒకవైపు చేతులు దగ్గరగా ముడుచుకుని ఉంటే, రెండోవైపు ఒక చెయ్యి ఎక్కడికో సాగిపోయింది. "దీన్ని నేను చూశాను" అన్నాను. నమ్మలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నేను దుమ్ముగూడెంలో టీచరుని. కొత్తగూడెం కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మా చిన్నమ్మ వేసవి సెలవులకు నా దగ్గరికి వచ్చేది, బట్టల సంచీతో, దానికి మూడింతలున్న టెలిస్కోపుతో. బొగ్గు గనుల దీపాల వెలుగుకు కొత్తగూడెంలో ఆకాశమే కనబడదని ఆమె బాధ. ఊరి చివర, అడవి మొదలయ్యే చోట, మిర్చి కల్లంలో దాన్ని నిలబెట్టేవాళ్ళం. ఘాటుకు నేను తుమ్మినప్పుడల్లా గొట్టం కదిలేది, ఆమె విసుక్కుంటూ మళ్ళీ మొదటినుంచి వెతుక్కునేది.

ఒక సాయంత్రం చీకటి పడ్డాక సప్తర్షుల తోక పక్కన ఆ గెలాక్సీ దొరికింది. అద్దం మీద ఊపిరి ఊదినంత మసక, అంతే. "సూటిగ చూడకు, జర పక్కకు చూడు. ఒక దిక్కే సాగింది, కనబడ్తున్నదా?" అంది చిన్నమ్మ. ఎందుకలా అని అడిగాను. "ఎన్నడో ఇంకో గెలాక్సీ దీని పక్కపొంటి పోయిందట. పోతపోత దీన్ని గుంజింది."

అంతలో మా మీద టార్చిలైట్లు పడ్డాయి. "చేతులు పైకెత్తుండ్రి! గదేంది?" నక్సలైట్ల కోసం కూంబింగుకు బయలుదేరిన పోలీసులు. ఆకాశానికి గురిపెట్టిన గొట్టాన్ని చూసి ఏమనుకున్నారో మా వైపు తిరిగిన వాళ్ళ తుపాకులే చెప్పాయి. చిన్నమ్మ ఎత్తిన చేతులు దించకుండానే, "ఆ లైట్లు ఆర్పు బిడ్డా, చూపిస్త" అంది. అధికారి చూసి, ఏమీ లేదని పెదవి విరిచాడు. వెనకనున్న ఒక కానిస్టేబుల్ మాత్రం ముందుకొచ్చి, చిన్నమ్మ నాకు చెప్పినట్టే చెబుతుంటే, ఎంతకీ కన్ను తియ్యలేదు. "అవ్ మేడం, ఒక దిక్కే సాగింది" అన్నాడు మెల్లగా. "మళ్ళొచ్చినప్పుడు మంచిగ చూస్త. ఉంటరా?"

"ఉంటం" అంది చిన్నమ్మ.

తెల్లవారుజామున అడవి వైపునుంచి పెద్ద పేలుడు వినిపించింది. తర్వాత పేపర్లో, చనిపోయినవాళ్ళలో ఆ కానిస్టేబుల్ ఫొటో వచ్చింది. పున్నమి దగ్గరపడి వెన్నెలకు ఆకాశం తెల్లబడేదాకా చిన్నమ్మ రోజూ రాత్రి కల్లానికి వెళ్ళింది. తను చూడటం అయ్యాక పక్కకు జరిగి, టెలిస్కోపు దగ్గర చోటు వదిలి కాసేపు నిలబడేది. ఆ చోటులోకి వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ గెలాక్సీ ఒక్క చుట్టు తిరగడానికి కోట్ల ఏళ్ళు పడుతుందట. నాకైతే ఆ ఒక్క సాయంత్రమే ఇంకా గడవలేదు.