నురగ చప్పుడు

మా అక్క గాయాల దగ్గర చెవి పెట్టి వినేది.

ఆమె ఒక చిన్న క్లినిక్‌లో కట్లు కట్టే నర్సు. మోకాలు చీరుకుపోయినవాళ్ళో, మేకు గుచ్చుకున్నవాళ్ళో వచ్చి బల్ల మీద కూర్చుంటే, గోధుమరంగు సీసాలోంచి గాయం కడిగే పెరాక్సైడ్ మందు పోసేది. రక్తానికి తగలగానే బుస్సుమని తెల్లటి నురగ లేచేది. అప్పుడు అక్క తల వంచి, ఆ గాయానికి జానెడు దూరంలో చెవి పెట్టి, చప్పుడు ఆగేదాకా కదిలేది కాదు. "ఏమంటోంది సిస్టర్, బతుకుతానంటుందా?" అని కొందరు వేళాకోళం చేసేవారు. వెనకాల చెవి సిస్టర్ అని పేరు పెట్టారు. నేనే ఒకసారి చూసి జడుసుకున్నాను.

అక్క నాకంటే చాలా పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. మా మేడ మీద గదిలోనే ఉండేది. నవ్వితే పెదవులు విప్పేది కాదు, ఎవరి ముందూ తినేది కాదు. తన వేలు తెగితే తలుపేసుకుని తనే కట్టు కట్టుకునేది. నేనంటే ప్రాణం పెట్టే మనిషి, ఓసారి కట్టు చూపించమంటే చేయి విసురుగా లాగేసుకుంది. నాకు కోపం వచ్చి వారం రోజులు మాట్లాడలేదు. నాది అసలే వేడి రక్తం.

మా పాపకి ఆరో ఏట పంటి చిగురు మీద పుండు లేచింది. ఇంట్లో నర్సుండగా డాక్టరెందుకని దాన్ని అక్కకే అప్పగించాను. ఉప్పునీళ్ళు పుక్కిలింపించింది, ఏదో మందు రాసింది. పుండు తగ్గలేదు సరికదా చిగురు నల్లబడింది. పన్ను కదిలింది. పాప నోరు తెరిస్తే కుళ్ళు వాసన.

"అందరికీ ఆ సీసా ఒంపుతావు కదే. దీనికెందుకు పొయ్యవు?"

"చిన్నపిల్ల. మండుతుంది," అంది అక్క. నా మొహం చూడలేదు.

ఇక లాభం లేదని మర్నాడు నేనే సీసా కొనుక్కొచ్చాను. మందులో కాసిని నీళ్ళు కలిపి, దూది ముంచి, నెత్తురు కారుతున్న చిగురుకి అద్దాను. బుస్సుమంటుందని చూశాను. ఏ చప్పుడూ లేదు. వంటింట్లో కుళాయి కారడం వినిపిస్తోంది. దూది మీద ఎర్రటి మరక నా కళ్ళముందే గోధుమరంగుకి తిరిగి, అటునుంచి నల్లబడిపోయింది. సిరా ఒలికినట్టుంది.

"అయిపోయిందా అమ్మా?" అంది పాప, నోరు తెరుచుకునే.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క. భోజనానికి వచ్చినట్టుంది. సింకు దగ్గరికి వెళ్ళి, నోట్లోంచి పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేసింది. పైవరసా కిందవరసా మొత్తం. అక్క మొహం ఒక్కసారిగా ముసలిదానిదైపోయింది.

"నాదీ ఇంతే," అంది, బోసినోటితో. "చిన్నప్పుడే అన్నీ ఊడిపోయాయి. అమ్మ మందు పోస్తే నా నెత్తురూ ఇలాగే నల్లబడింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. బయటికి పొక్కితే రేపు నిన్ను కూడా ఎవరూ చేసుకోరని."

"మరి నా పిల్ల సంగతి?"

"పోస్తే తెలిసిపోతుంది కదే. పొయ్యకపోతే... దీనికి లేదేమో అనుకోవచ్చు." కళ్ళు తుడుచుకుంది. "ప్రతి పుట్టినరోజుకీ వేలు పొడుచుకుని పోసుకుంటాను. ఒక్కసారైనా పలుకుతుందేమోనని."

"నీ ఒట్టు తగలెయ్య!" అని అరిచి, పిల్లని చంకనేసుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. అక్క పళ్ళు లేకుండానే నా వెనక వచ్చింది.

డాక్టరు నిదానస్తుడు. మన కణాలు పనిచేస్తుంటే లోపల పెరాక్సైడ్ పుడుతూనే ఉంటుందట. నోట్లోని క్రిములూ దాన్ని వదులుతాయట. కాటలేజ్ అనే ఎంజైము దాన్ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విరిచేస్తుంది. నురగలోవి ఆ ఆక్సిజన్ బుడగలే. ఆ ఎంజైముని చేయించే జన్యువు ఒక ప్రతి తల్లి నుంచి, ఒక ప్రతి తండ్రి నుంచి వస్తుంది. ఒక్కటి బాగున్నా నురగ లేస్తుంది; రెండూ చెడిపోతే నురగ లేదు, చిగుళ్ళకి కాపలా లేదు.

"మీది దగ్గర సంబంధమా?" అని అడిగాడు.

అవునని తలూపాను. బయటివాళ్ళకిస్తే గుట్టు తెలిసిపోతుందని అమ్మ నన్ను మేనమామ కొడుక్కే ఇచ్చింది.

మూడు పళ్ళూ, కుళ్ళిన ఎముక కొంచెమూ తీసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దవడ పోయేదన్నారు. దవడ దక్కింది. అక్క మీద కోపం ఎన్నాళ్ళో నిలుపుకోలేకపోయాను. ఇప్పుడు అక్క పళ్ళ సెట్టు తీసేసి మాతోపాటే కూర్చుని తింటోంది. క్లినిక్‌లో చెవి పెట్టడం కూడా మానేసిందట.

మొన్న సాయంత్రం కూర తరుగుతుంటే నా వేలు తెగింది. మందు పోసుకోగానే నురగ లేచింది. ఆడుకుంటున్న పాప పరుగెత్తుకొచ్చి, తల వంచి, నా వేలి దగ్గర చెవి పెట్టింది. చప్పుడు ఆగేదాకా కదల్లేదు.

"నీది మాట్లాడుతోందమ్మా," అంది. "నాదెప్పుడు మాట్లాడుతుంది?"

నేను నోరు తెరిచేలోపే అక్క దాన్ని ఒళ్ళోకి లాక్కుని, రెండు చెవులూ గట్టిగా మూసేసింది.