చెవి ముందు గుంట

గుంటకు అడుగు ఉంటుంది. రంధ్రానికి ఉండదు, అది ఇటునుంచి అటు పోతుంది. గాడికి పొడవు ఉంటుంది. ప్రకృతిశాస్త్రం చెప్పిన రోజుల్లో ఏ తరగతికైనా మొదట ఈ మూడింటినీ వేరు చేసి చూపించేదాన్ని. హుజూరాబాద్‌లో మా బడికి సూక్ష్మదర్శిని ఒకటే. దాని అద్దం నేను చేరేనాటికే పగిలి ఉంది. అందుకని పిల్లలను ఈత గింజలు, చింతగింజలు తెమ్మనేదాన్ని. ఈత గింజకు ఒక పక్క నిలువునా గాడి ఉంటుంది. చింతగింజ రెండు వైపులా నడుమ కొంచెం పల్లం. తర్వాత ఎవరి ముఖం వాళ్లు తడుముకోవాలి. ముక్కు కింద పై పెదవి మీద గాడి, కొందరికి గడ్డం మీద గుంట.

నేను చిన్నప్పుడు వీటిని ఉర్దూ మాటల్లో చదువుకున్నాను. పాఠం చెప్పే నాటికి తెలుగు మాటలు వచ్చాయి. చిన్న గుంట గర్తం, కొంచెం వెడల్పయిన పల్లం ఖాతం. ఆ మాటలు బోర్డు మీద రాస్తుంటే ఏదో ఒక పిల్ల నా ఎడమ చెవి వంక చూసేది.

నా ఎడమ చెవి పైఅంచు చెంపకు కలిసే చోట గుండుసూది తల పట్టేంత గుంట ఉంది. పుట్టుకతో వచ్చింది. మా బాపుకు, అంటే మా నాన్నకూ, అక్కడే ఉండేది. ఆయన బాబాయి కొడుక్కీ అక్కడే ఉండేది. ఆయన నాకు చిన్నబాపు.

ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబాయిలో మొదట పనికి కుదిరింది ఆ చిన్నబాపే. బాయి దిగితే ఊపిరాడటం లేదని కొన్ని నెలలకే ఊరికి తిరిగొచ్చాడు. ఆయన పేరున ఇచ్చిన హాజరు ఇత్తడి బిళ్ల తీసుకుని మా బాపు వెళ్లాడు. అప్పట్లో అలా చాలామంది మరొకరి పేరు మీద పని చేసేవారు. పేరుకు ఎదురుగా గుర్తింపు కోసం ఒంటి మీద మచ్చ ఏదో రాసుకునేవారు. చిన్నబాపుకు రాసింది చెవి ముందు గుంట. గుమాస్తా బాపు చెవి చూసి సరేనన్నాడు.

"మా ఇంటోళ్లకు దేవుడు ముద్ర గొట్టి పంపిండు. ఎవలు వోయినా ఒక్కటే" అని బాపు నవ్వేవాడు.

బాయి దగ్గరా, మా వాడలోనూ ఆయనను చిన్నబాపు పేరుతోనే పిలిచేవారు. ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, ఎలాగూ పేరు పెట్టి పిలవదు. బాపు అసలు పేరు ఉన్నది రెండే చోట్ల, పాస్టరుగారి బాప్తిస్మం పుస్తకంలోనూ, నా బడి రిజిస్టరులోనూ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, మొదటి షిఫ్టులో బండ కూలి బాపు చనిపోయాడు. నేను తొమ్మిదో తరగతి. కబురు విని అవ్వ దవాఖానకు పోవడానికి లేవబోతుంటే పక్కింటాయన, బాపుతో పని చేసేవాడు, వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"వదినె, జర ఇను. కాగితంల సచ్చింది నీ మొగడు గాదు, నీ మరిది. నువ్వు పెండ్లాం లెక్క ఏడిస్తే దొంగపేరని తెలిసిపోతది. ఒక్క పైస రాదు, గీ ఇల్లు గుంజుకుంటరు."

"మరి నేనెట్లుండాలె తమ్మీ?"

"వదినె లెక్క ఉండు. నీ తోడికోడలుకు కబురు పంపిన. గామె వచ్చి ఏడుస్తది."

చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ, మరునాడు పొద్దున వచ్చింది. దవాఖాన వెనక గదిలో బాపు తల దగ్గర ఆమె కూర్చుంది. అవ్వ వరండాలో స్తంభానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. గుమాస్తా పేరు చదివాడు. "ఎడమ చెవి ముందు చిన్న గుంట" అని చదివాడు. డాక్టరు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. దూదితో బొగ్గు తుడిచి చూసి, ఉంది అన్నాడు. అంతటితో అయిపోయేది. లేచేటప్పుడు ఆయన కన్ను నా మీద పడింది. నాకు జడ గట్టిగా దువ్వి ఉంది.

"ఇలా రామ్మా. నీకూ ఉందే!"

నా చెవి పట్టుకుని గుమాస్తాకు చూపించాడు. తల్లి కడుపులో ఆరు చిన్న బుడిపెలు కలిసి చెవి అవుతుందట, ఒకచోట సరిగా అతకకపోతే ఈ గుంట మిగులుతుందట. వంశంలో వస్తుందని చెప్పాడు. నేను శ్రద్ధగా విన్నాను. ఆరు అన్నది గుర్తు పెట్టుకున్నాను.

"ఈయన నీకేమవుతాడు?"

చిన్నమ్మ ఏడుపు ఆగింది. అవ్వ నా వంకే చూస్తోంది.

"చిన్నబాపు" అన్నాను.

"అదీ సంగతి. అయితే మీ నాన్నకూ ఉండాలే."

"ఉన్నది."

"ఆయనేడీ?"

"ఊళ్లె ఉన్నడు."

డాక్టరు తల ఊపి సంతకం చేశాడు.

మధ్యాహ్నం సమాధి చేశారు. నాకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారే వచ్చారు. ఒకసారి అవ్వ వంక చూసి, చిన్నబాపు పేరు చదివి ప్రార్థన చేశారు. సిలువ మీదా అదే పేరు రాశారు. తేదీ మాత్రం సరైనదే.

"అవ్వా, తర్వాతనన్న బాపు పేరు రాయిద్దామా?" అని ఇంటికి వచ్చాక అడిగాను.

"పేరు ఎవలు తింటరు బిడ్డా? నువ్వు సదువుకోవాలె."

పరిహారం చిన్నమ్మ పేరున వచ్చింది. ఆమె తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఒక సాయంత్రం చిన్నబాపే వచ్చాడు, చెవులు కప్పేలా రుమాలు చుట్టుకుని.

"వదినె, నన్ను నేనే సూసొచ్చిన. మంచిగనే పండవెట్టిండ్రు, చెట్టు నీడకు."

"సచ్చినోనివి, గట్టిగ మాట్లాడకు" అంది అవ్వ. ఇద్దరూ కాసేపు నవ్వారు. అన్నం తినేటప్పుడు ఆయన రుమాలు తీశాడు. నేను చారు పోస్తూ ఆయన ఎడమ చెవి చూశాను. అదే చోటు, అంతే లోతు.

చదువు ముగిసి నేను టీచరునయ్యాను. బోర్డు మీద గర్తం అని రాసిన ఒక రోజు, ముందు వరసలోని పిల్ల లేచి అడిగింది.

"టీచర్, మీ చెవికాడున్నది గర్తమేనా?"

"గర్తమే. దానికి అడుగున్నది."

"ఎవల నుంచి అచ్చింది టీచర్?"

"మా బాపు నుంచి" అన్నాను.

బయటివాళ్లకు ఆ మాట చెప్పడం అదే మొదలు. చెప్పాక ఏమీ అనిపించలేదు. పిల్ల కూర్చుంది. ఈత గింజలు బయటికి తీయండి, ఇప్పుడు గాడి చూద్దాం అన్నాను.