మొరివాకి గారి చప్పుళ్ల వేట

2014 జనవరి 9, గురువారం. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఎదురింటి బాల్కనీ కూడా కనబడనంత పొగమంచు. ఆ ఉదయం వెంకటసుబ్బయ్య మాస్టారి తలుపు తట్టిన జపాను బొమ్మల కథకుడు మొరివాకి గారికి లోకంలో ఒక్కటే పిచ్చి: చెవిన పడ్డ ప్రతి చప్పుడునూ అక్షరాల్లో పెట్టందే ఆయనకు ముద్ద దిగదు.

తలుపు తీయగానే నమస్కారం లేదు, పరిచయం లేదు.

"మాస్టారూ, ఇప్పుడు నేను చేసింది టకటకా, దబదబా?"

"తడితే టకటక, బాదితే దబదబ. మర్యాదస్తులు మొదటిదానితో ఆగుతారు."

టోక్యోలో ఆయన బొమ్మల ధారావాహికను పత్రికవాళ్లు సగంలో ఆపేశారు. "మీ బొమ్మలో వాన కురుస్తోంది కానీ వినబడటం లేదు" అన్నాడట సంపాదకుడు. ఆ దిగులుతో ఢిల్లీ చేరిన మనిషి, బేర్ సరాయ్ మెస్సులో ఒక తెలుగు విద్యార్థి "కడుపు కరకరలాడుతోంది" అనగా విన్నారు. తమ భాషలో లాగే ఆకలికీ చప్పుడున్న భాష దొరికిందని మురిసి, రెండేళ్లు తెలుగు నేర్చారు. మిగిలింది మాస్టారు చెప్పాలట.

మాస్టారికి ఆ ఓపిక ఎక్కడిది? నాలుగు నెలల క్రితం జ్వరం వచ్చి భార్య కమలాకుమారి గారి వినికిడి పూర్తిగా పోయింది. తిరిగి రాదని వైద్యులు తేల్చేశారు. "నా మాట నాకే వినబడనప్పుడు ఇంకెందుకు?" అని ఆవిడ మాట్లాడటమే మానేశారు. ముప్పైఎనిమిదేళ్లు వ్యాకరణం చెప్పిన మనిషికి విభక్తులన్నీ పోయి సంబోధన ఒక్కటే మిగిలింది: పిలుపు ఉంది, పలుకు లేదు.

"మా దేశంలో నిశ్శబ్దానికీ చప్పుడుంది, మాస్టారూ. బొమ్మ మీద 'షీన్' అని రాస్తాం. మరి మీకో?"

"మాకు చేయని చప్పుడే నిశ్శబ్దం. కిమ్మనకుండా, కిక్కురుమనకుండా."

మొరివాకి గారు కలం ఎత్తారు. వంటింట్లో గోడకేసి చూస్తూ కూర్చున్న కమలాకుమారి గారు కంటబడగానే, రాయకుండానే మూత పెట్టేశారు.

మర్నాటి నుంచి వంటిల్లు ఆయనదే. పళ్లెం పడేస్తారు.

"ఖంగునా, ఠంగునా?"

"కంచు ఖంగుమంటుంది, స్టీలు ఠంగుమంటుంది."

నమ్మకం కుదరక మళ్లీ పడేస్తారు. పైఅంతస్తు కల్పన దిగివచ్చింది.

"అంకుల్, సబ్ ఠీక్ హై నా? ఆంటీ మీ మీద పళ్లాలు విసురుతున్నారా?"

"విసిరినా బాగుండునమ్మా" అన్నారు మాస్టారు.

మార్చి చివర మొరివాకి గారు ఒక బొమ్మల కట్ట తెచ్చి కమలాకుమారి గారి ముందు పెట్టారు. అది ఆవిడ వంటిల్లే. కొళాయి నుంచి 'బొటబొట' జారుతోంది. గుమ్మంలో మాస్టారి దగ్గు 'ఖళ్లుఖళ్లు'మని తలుపంత ఎత్తున నిలబడింది. మూకుడు మీద ఆవాల 'చిటపట' పేజీ పట్టక అంచులు దాటింది. ఆవిడ ఆ అక్షరాలను వేలితో తడిమారు. ఏడు నెలల తరువాత నోరు విప్పారు.

"ఆవాలు ఇంతలా చిటపటలాడితే మాడిపోయినట్టేనండీ! ఈ బొమ్మలాయనకు వంటేం తెలుసు?"

మాస్టారు జవాబు నోటితో చెప్పబోయి, రాసి చూపాలని గుర్తొచ్చి, కాగితం కోసం ఇల్లంతా పరుగెత్తారు.

ఎనిమిదేళ్లకు టోక్యో నుంచి ఉత్తరం వచ్చింది.

"మాస్టారికి, కమలా దీదీకి నమస్కారాలు. మీ వంటింటి కథ పుస్తకంగా వచ్చింది, చప్పుళ్లన్నీ తెలుగు అక్షరాల్లోనే. నా గురువెవరని విలేకరులు అడిగారు. మా అమ్మ అన్నాను. ఆమెకు పుట్టుకతో వినబడదు. వాన ఎలా అరుస్తుందని అడిగితే, ఆరేళ్లప్పుడు గోడ నిండా రాసి చూపించాను. నా వృత్తి అక్కడే మొదలైంది. ఈ సంగతి అప్పుడు చెబితే జాలిపడ్డాననుకుంటారని దాచాను. అమ్మకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అయినా పుస్తకమంతా తిప్పింది. ఎండుమిరపకాయలు వేగే పేజీ దగ్గర తుమ్మి, లేచివెళ్లి కిటికీ తెరిచింది."