బాపు పేరుతో నా సీసా

నా చిన్నప్పుడు, సిరిసిల్లలో మా ఇంట్లో అందరి అరచేతులకూ ఏదో ఒక రంగు అంటి ఉండేది. మా బాపు నూలుకు రంగులు అద్దేవాడు. ఎరుపు ఒక్కదాన్నే పది తీర్లుగా విడదీసి చెప్పగలవాడు. మరిగే రంగునీళ్ళలో నూలు తిప్పుతూ, తడినేల మీద చెప్పుల్లేకుండా పొద్దంతా నిలబడేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన కుడికాలి బొటనవేలి కింద చిన్న పుండు లేచింది. ఎంతకీ మానదు. ఎన్ని చెంబుల నీళ్ళు తాగినా బాపు నాలుక పిడచకట్టుకుపోయేది. మా నానమ్మకూ ఇలాగే మొదలై చివరికి కాలు తీసేశారు, ఆస్పత్రి నుంచి ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ సంగతి ఎవరూ మరిచిపోలేదు కాబట్టే ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

పక్కింటి చాచా దవాఖానలో కాంపౌండర్. ఆయనకు మాత్రం ఊరుకునే గుణం లేదు. తల్లికున్న చక్కెర జబ్బు కొడుక్కూ రావచ్చని, ఉచ్చ సీసాలో పట్టి పంపమని బాపు వెంటపడ్డాడు. అప్పట్లో ఇప్పటిలా వేలు పొడిచి చూసే మిషన్లు లేవు. నీలం మందులో నాలుగు చుక్కలు వేసి దీపం మీద కాచేవారు. నీలంగానే ఉంటే బతికిపోయినట్టు. ఇటుక రంగుకు తిరిగితే జబ్బు ముదిరినట్టు.

బాపు ఆ సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పట్టియ్యి బిడ్డా. చాచాకు చెప్పకు" అన్నాడు. ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు మురిసిపోయి పట్టిచ్చాను. మందు నీలంగానే ఉంది. చాచా అల్లాకు దండం పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం బాపు జిలేబి తెచ్చి, నాకూ, అవ్వ అని నేను పిలిచే మా అమ్మకూ పెట్టి, తానూ కడుపారా తిన్నాడు.

నాలుగు నెలలకు పుండు నల్లబడి వాసన మొదలైంది. చాచాకు నమ్మకం కుదరక మళ్ళీ సీసా పంపాడు. బాపు మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. నేనేమో అప్పుడే పెరట్లోకి వెళ్ళి వచ్చాను, ఎంత ముక్కినా చుక్క రాలేదు. ఆయన చెంబెడు నీళ్ళు నా నోటికి పెట్టి, "తాగు బిడ్డా, నీ కాల్మొక్త, ఇంక జర తాగు" అంటూ ఏడ్చాడు. చావు భయంతో అంత మనిషి తొమ్మిదేళ్ళ పిల్ల ముందు చేతులు జోడించాడు. మొదటిసారి నేను చేసిన పనేమిటో అప్పుడు తెలిసింది.

ఖాళీ సీసాతో చాచా ఇంటికి పరుగెత్తి, వెక్కుతూ అంతా చెప్పేశాను. ఆయన నన్ను తిట్టలేదు. మా ఇంటికి వచ్చి బాపు పక్కన కూర్చున్నాడు. "నాకు గూడ భయమే తమ్మీ. మా అమ్మీకి గిదే రోగముండె. ఏడాదికోపారి నాది నేనే చూస్కుంట, చేతులు వణుక్కుంటనే" అన్నాడు. బాపు నా చేతిలోని సీసాను తానే అందుకుని పెరట్లోకి వెళ్ళాడు.

దీపం మీద ఆ నీలం ఎంతోసేపు నిలవలేదు. ఆకుపచ్చకు తిరిగి, పసుపుకు తిరిగి, చివరికి ఇటుక రంగైంది. బాపు గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. "రంగు మంచిగ ఎక్కింది" అన్నాడు. మా అవ్వ గోడకు జారబడి ఏడ్చింది.

కాలు మోకాలి దాకా తీసేశారు. నాలుగు నెలల ముందు వస్తే ఒక్క వేలితో పోయేదని పెద్ద డాక్టరు అన్నాడట. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం. బాపు ఆ తర్వాత రెండేళ్ళే బతికాడు. నీ తప్పేం లేదని అవ్వ ఎన్నిసార్లు చెప్పినా, ఆ నాలుగు నెలలు నా చేతుల్లోంచే పోయాయని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ మధ్య మా వాడకు పరిశోధన చేసేవాళ్ళు వచ్చారు. ఇంట్లో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ పిల్లలను, మనుమలను ముందుగానే పరీక్షించి, అది రాకుండా ఆపే దారి వెతుకుతున్నారట. నా కొడుకు తనకేం లేదంటూ మగ్గాల షెడ్డులోకి తప్పుకున్నాడు. నేను వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. "నాకు గూడ భయమే కొడుకా" అన్నాను. వాడు మగ్గం ఆపి లేచాడు.

వరుసలో వాడికంటే ముందు నేను నిలబడ్డాను. సూది పట్టిన పిల్ల పేరు అడిగింది. పేరు చెప్పి, ఆమె అడగకపోయినా, "గిది నా రక్తమే బిడ్డా" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నా చేయి వణుకుతూనే ఉంది.