ధన్య పొదిగిన ఉర్లగడ్డలు

నారాయణమ్మది క్యాసంబళ్ళి అనే పల్లె. పుట్టింటి పెరట్లో కోళ్ళ వెంట పాకుతూ పెరిగిన మనిషి. పెళ్ళయి బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌కు వచ్చాక, గని కార్మికుల పాత ఇళ్ళ వరుసలో రెండు గదులు అద్దెకు తీసుకుని చిన్నపిల్లల బడి పెట్టింది. ఓ రోజు చందన్ అనే బుడతడు లేచి, "మిస్, కోడికి పాలు యాడ పిండేది?" అని అడిగాడు. ఆమె తల పట్టుకుంది. పుస్తకం మూసేసింది.

"ఇంగ ఈ పొద్దు మనమే కోళ్ళు," అంది.

చందన్ పుంజై బెంచీ ఎక్కి, గొంతు బొంగురుపోయేదాకా కూశాడు. మిగతా పిల్లలు చాప మీద చల్లిన బొరుగులను మూతులతోనే ఏరుకుతిన్నారు. కిరాణా అంగడి నాగేంద్రప్ప కూతురు ధన్య పొదిగే పెట్ట. వాళ్ళింట్లో గుడ్డు ముట్టరు కాబట్టి, నారాయణమ్మ గంపలో రాగి గడ్డి పరిచి, గుడ్లకు బదులు ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, పెట్టింది. "పెట్ట లేస్తే గుడ్లు సల్లబడతాయి. పిల్లలు రావు," అని గట్టిగా చెప్పింది. అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది.

సాయంత్రం నాగేంద్రప్ప వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. ధన్య మాత్రం గంపలోనే ఉంది.

"లేమ్మా, పోదాం."

"క్ర్ర్ర్," అంది ధన్య. చెయ్యి చాపితే పొడిచింది.

"ఏందమ్మా ఇది? మా బిడ్డకు ఏం నేర్పినావు?"

"కోడి పాఠమప్పా. బాగానే వచ్చినట్టుండాది," అంది నారాయణమ్మ, నవ్వు ఆపుకోలేక. తర్వాత గంప దగ్గర కూర్చుని బతిమాలింది. "పొదిగే పెట్ట కూడా మేతకు లేస్తాది తల్లీ."

ధన్య ఆలోచించింది. "అంతసేపు ఎవురు కూసుంటారు? నాయన కూసుంటాడా?"

నాగేంద్రప్ప వీధి అటూ ఇటూ చూశాడు. ధన్య లేవగానే పంచె సర్దుకుని, ఆ భారీ శరీరాన్ని మెల్లగా గంపలోకి దింపాడు. గంప కిర్రుమంది. ధన్య బొరుగులు తింటూ, "రెక్కలు ఇప్పు నాయనా," అంది. ఆయన మోచేతులు విప్పాడు. సరిగ్గా అప్పుడే రోజూ ఆయన అంగడిలో బెల్లం కొనే చౌడప్ప ఆ దారినే పోతూ నిలబడిపోయాడు.

"ఏం శెట్టీ, గుడ్లు ఎప్పుడు పెట్టినావు?"

"గుడ్లు కాదప్పా, ఉర్లగడ్డలు!" అని అరిచాడు నాగేంద్రప్ప. దాంతో విషయం ఇంకా చెడింది.

తీరా లేవబోతే గంప ఆయనతోపాటే లేచింది. నారాయణమ్మ, చౌడప్ప చెరోవైపు లాగితే ఊడింది. ధన్య ఉర్లగడ్డలన్నీ ఒళ్ళో వేసుకుని, వాటికి చలి వేయకుండా గౌను కప్పి ఇంటికి నడిచింది.

మర్నాడు పొద్దున్నే నాగేంద్రప్ప బడి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"వచ్చే వారం ఏం పాఠమమ్మా?"

"బర్రె."

ఆయన ఓసారి వీధి అటూ ఇటూ చూశాడు.

"ఆ పొద్దు వాళ్ళమ్మను పంపిస్తాను," అన్నాడు.