అత్తయ్య తుంటిలోని లోహం

మా ముత్తాత జగన్నాథరాజు గారు పద్మనాభం చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళకు ముఠాదారు. ఆ ఊళ్ళ శిస్తు ఆయన కచేరీలోనే కట్టేవారు. తాత రామభద్రరాజు గారు ఎదురొస్తే బండివాళ్ళు దిగి నిలబడేవారు. గొప్పకు చెప్పడం లేదు. మా మేనత్త సీతాయమ్మ గారు ఎవరింటి ఆడపడుచో తెలియకపోతే ఆమెకు జరిగింది అర్థం కాదు. మొన్న ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు నుంచి వెళుతుంటే, లోహం మీద లోహం రాసుకున్న వాసన ముక్కుకు తగిలింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తయ్యే. ఊళ్ళు పోయి, విశాఖపట్నం పాతపట్నంలో పెంకుటింట్లో ఉంటున్న రోజులవి. "వెన్ను వంచకురా. మనకు మిగిలింది అదొక్కటే" అనేది. పంతొమ్మిది వందల డెబ్బైలలో ఒకసారి మెట్ల మీద పడి తుంటి విరిగితే, ఆసుపత్రిలో లోహపు కీలు వేశారు. బంతీ లోహమే, అది తిరిగే గిన్నే లోహమే. "దేవుడిచ్చినదానికన్నా ఇదే గట్టిది" అని నవ్వి, కర్ర పట్టకుండా ఇంటికి నడిచొచ్చింది.

కొన్నేళ్ళకు అత్తయ్య పిలిస్తే పలకడం మానేసింది. ఎదురుపడ్డవాళ్ళను చూడనట్టే వెళ్ళిపోయేది. చేపలమ్మే నూకాలు ఒకరోజు వాకిట్లో గంప దించి విసుక్కుంది.

"ఏటమ్మా, ఇంతసేపు అరుస్తన్నా పలకవు? ఊళ్ళు పోనాయి గానీ రానీగోరి దర్పం పోనేదు!"

వీధంతా నవ్వింది. నాకది తిట్టులా కాదు, బిరుదులా వినిపించింది. అత్తయ్య తల ఇంకాస్త ఎత్తి లోపలికి వెళ్ళింది.

తరువాత ఆయాసం, చేతుల వణుకు, ఆపైన తుంటిలో భరించలేని నొప్పి. మళ్ళీ కోశారు. బయటికొచ్చిన డాక్టరు ముఖం పాలిపోయి ఉంది.

"లోపల కండంతా నల్లబడిపోయిందండీ. మడ్డినూనెలా కారింది. బంతీ గిన్నే రాసుకుని, అరిగిన పొడి నెత్తుట్లో కలిసింది. చెవులు, కళ్ళు, గుండె... అన్నిటినీ అదే చెరిచిందనుకుంటాను."

"చెవులా?" అన్నాను.

"ఆవిడకు దాదాపు ఏమీ వినపడదు. మీకు తెలియదా?"

నిలబెట్టడానికి పెట్టినదే మనిషిని లోపల్నుంచి తినేసింది. ఒకే ఇంట్లో ఉండి మేమంతా ఆమె పలకకపోవడాన్ని వంశగౌరవం అనుకున్నాం.

స్పృహ వచ్చాక ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా అడిగాను: "వినపడటం లేదని చెప్పలేదేం అత్తయ్యా?"

"చెవిటిదంటారురా. పొగరుబోతంటేనే నయం."

కీలు తీసేసినా గుండె తేరుకోలేదు. వానలు రాకముందే పోయింది. ఇప్పటికీ పలకరిస్తే పలకని మనిషి ఎదురైతే, నేను దగ్గరికి వెళ్ళి, ముఖంలోకి చూసి, మళ్ళీ పలకరిస్తాను. ఆ రెండో ఆపరేషను కోసం పాతపట్నం ఇంట్లో ముందు సగం అమ్మేశాం, వీధి గుమ్మంతో సహా.